పెత్రమాస నాటి దూప

పోయినవారం మనం గద్వాలలో ఒక ఇంటి తలుపు దగ్గర ఆగిపోయాం. లోపలికి పోయేముందు, దారిలో కలిసినవాళ్ల కోసం నాలుగు మాటలు. ఆ ఇంటి యజమాని, నేతగాడు హన్మంతు, రెండు కిడ్నీలూ చెడి, చాలాకాలం మంచానికీ దవాఖానకూ మధ్య తిరిగి కన్నుమూశాడు. ఆయన మగ్గంలోకి కూతురు ప్రణీత దిగింది. కొడుకు అఖిలేష్ వనపర్తిలో రాఘవేంద్ర అనే కోచ్ దగ్గర కండలు పెంచే విద్య నేర్చి, అక్కడి జిమ్‌లోనే ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాడు. చీరల షావుకారు వెంకటయ్యకు మగవాళ్ల జరీ పంచెలకు ప్రకటన వేయించాలని బుద్ధి పుట్టింది. హైదరాబాదు నుంచి ఎవరినో తేవడమెందుకు, నేతవాళ్ల పిల్లగాడు అఖిలేష్‌కే పంచె కట్టి, కండువా భుజాన వేసి నిలబెడదామన్నాడు. ఆ పంచె నేసింది ప్రణీత. ఫోటోలు పాడ్యమి పొద్దున, వనపర్తిలో. అంతకు ముందురోజు పెత్రమాస, పెద్దలకు పెట్టుకునే అమావాస్య. ఆ మధ్యాహ్నం దగ్గరే మనం ఆగాం.

అమావాస్య నాడు ఆ వీధిలో మగ్గాలు ఆడవు. రోజంతా ఆ చప్పుడులోనే బతికే మనుషులకు అది ఆగిన రోజు ఒకరి మాటలు ఒకరికి మరీ గట్టిగా వినిపిస్తాయి. వంటింట్లో తల్లి యాదమ్మ గారెలు వేస్తుంటే నూనె సలసల కూడా వాకిట్లోకి వినవస్తోంది. ప్రణీత గుమ్మడికాయ తరిగిన కత్తిపీట కడిగి గోడకు ఆనించింది. తమ్ముడు అరుగు మీద కూర్చుని చల్లారిన తెల్లన్నంలో తేనె కలుపుకుని తింటున్నాడు.

వారం మొదట్లో వాడు ఫోన్ చేసినప్పుడు అన్నం పేరెత్తితేనే వద్దన్నాడు. కోడిగుడ్డు తెల్లసొన, ఉడికించిన కోడికూర, అంతే. దాని మీద రెండు పూటలా ఇనుము ఎత్తాడు. నిన్నటి నుంచి అంతా తిరగబడింది. గెనుసుగడ్డ, అన్నం, తేనె, మళ్లీ అన్నం. ఉప్పు మాత్రం లేదు. బిందెలకొద్దీ తాగిన నీళ్లను కూడా తగ్గించుకుంటూ వచ్చి, ఇవాళ పొద్దున్నుంచి పెదవులు తడుపుకోవడంతో సరిపెడుతున్నాడు.

"గిదేం తిండిరా బిడ్డా," అంది యాదమ్మ వంటింట్లోంచే. "మొన్న బువ్వంటే పామును చూసినట్టు చూస్తివి. ఇయ్యాల గిన్నెలకు గిన్నెలు."

"కండలల్ల ఉన్న చక్కెరంత ముందుగాల ఖాళీ చేయాలెనమ్మా. ఖాళీ అయినంక బువ్వ పెడితే, ఆకలిగొన్న పిల్లగాడు గుంజుకున్నట్టు గుంజుకుంటది. బువ్వతోని నీళ్లు గూడ కండలకే పోతయి. తోలు కింద ఉండొద్దు. గప్పుడు నరాలు తేలుతయి."

"నరాలు తేలేతందుకు గింత కష్టమెందుకురా. మీ నాయినకు తేలలేదా, ఊకెనే?"

అఖిలేష్ నవ్వబోయాడు. ఎండిపోయిన కింది పెదవి పగిలి సన్నగా నెత్తురు కనిపించింది. నాలుకతో తుడుచుకున్నాడు.

ప్రణీత వాడి ముఖం చూసింది. చొక్కా భుజాల దగ్గర బిగిసి ఉంది. ముఖం మాత్రం ఎవరిదో పెద్దవాడిది తెచ్చి పెట్టినట్టుంది. దవడలు లోపలికి పోయాయి. కళ్ల కింద నల్లగా అయింది. ఊరికి వచ్చినప్పుడల్లా వాకిట్లోంచే అక్కా అని కేక వేసేవాడు. నిన్న వచ్చి, గొంతు ఎండుతుందేమో అన్నట్టు, మాట లేకుండా ఆమె పక్కన కూర్చున్నాడు.

తిన్నాక వాడు లేచి తొట్టి దగ్గరికి పోయాడు. గ్లాసుతో నీళ్లు తీసుకుని, పుక్కిలించి, చివరి చుక్కదాకా ఉమ్మేశాడు. ప్రణీత ఆ చప్పుడు వినడం ఇష్టం లేక లోపలికి వెళ్లిపోయింది.

హన్మంతుకు నీళ్లు కొలిచి ఇచ్చింది ఆమే. గ్లాసు మీద గోరురంగుతో గీత గీసి, గీత దాకా పోసి, దాన్ని పొద్దంతా పంచేది. తండ్రి నోరు పుక్కిలించుకుంటానని నీళ్లు అడిగేవాడు. పుక్కిలిస్తూ పుక్కిలిస్తూ గుటక వేసేవాడు. వేసి, ఏమీ ఎరగనట్టు కూతురి వైపు చూసేవాడు. ఆమె కూడా ఏమీ చూడనట్టు గ్లాసు తీసుకునేది. తర్వాత ఇచ్చే నీళ్లలో అంత తగ్గించేది. ఇప్పుడు కొడుకు ఒక్క గుటక దొంగిలించకుండా ఉమ్మేస్తున్నాడు. దొంగిలించినవాడి మీదే ఆమెకు ఎక్కువ జాలి కలగాలి. కాని ఇవాళ అట్లా కలగడం లేదు.

పెద్దలకు ఇస్తరి వేసే వేళ అయింది.

హన్మంతు ఏడాది మాసికం ఎండాకాలంలో అయింది. చనిపోయినవాడు ఏడాది తిరిగేదాకా ఒంటరివాడనీ, ఆ తర్వాతే పెద్దల్లో కలుస్తాడనీ అంటారు. ఆయన పెద్దల్లో కలిశాక వచ్చిన మొదటి పెత్రమాస ఇదే. యాదమ్మ గోడ మీది ఫోటో దించి పీట మీద పెట్టింది. పక్కన ఆయన కళ్లద్దాలు. ముందు మోదుగాకు ఇస్తరి. అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర, గారెలు, పరమాన్నం. ఇస్తరికి కుడివైపు ఇత్తడి చెంబు నిండా నీళ్లు.

ఆ ఇంట్లో ముత్తాతల నాటి అలవాటు ఒకటుంది. కొడుకు ఇస్తరి ముందు కూర్చుని నువ్వులు నీళ్లు విడుస్తాడు. కాకికి ముద్ద పెట్టి వస్తాడు. వచ్చి, పెద్దలకు పెట్టిన ఆ ఇస్తరిలోనే తాను తింటాడు. ఆ చెంబులోని నీళ్లు చుక్క మిగలకుండా తాగుతాడు. కొడుకు కడుపు నిండితే పైవాళ్ల కడుపు నిండినట్టు. కొడుకు గొంతు తడిస్తే వాళ్ల దూప తీరినట్టు. హన్మంతు తన తండ్రికి అట్లాగే తాగాడు. దవాఖాన రోజుల్లో వచ్చిన పెత్రమాసకు మాత్రం తన వంతు కొలత నీళ్లన్నీ ఆ చెంబులోనే పోయించుకుని తాగి, ఆ రోజంతా మళ్లీ అడగలేదు.

అఖిలేష్ చొక్కా విప్పి కూర్చున్నాడు. నీళ్లు విడిచాడు. కాకి ఆలస్యం చేయకుండానే వచ్చింది. వాడు తిరిగి వచ్చి పరమాన్నం తిన్నాడు. కూర లేకుండా అన్నం తిన్నాడు. ఉప్పు తగిలిన గారెలనూ పప్పునూ ఇస్తరి అంచుకు జరిపాడు. వాడు చెంబులో వేలు ముంచి పెదవులకు రాసుకున్నాడు. లేవబోయాడు.

"తాగురా," అంది యాదమ్మ.

"ముట్టుకున్న గదమ్మా."

"ముట్టుకుంటె తాగినట్టా?"

"జర అర్థం చేసుకోమ్మా. వారం సంది చేసిందంత ఖరాబైతది. రేపు ఫోటోలు అయినంక చెంబు గాదు, బిందె తాగుత."

"రేపు పాడ్యమి. రేపు మీ నాయిన రాడు."

అఖిలేష్ మళ్లీ కూర్చున్నాడు. చెంబు వైపు చూడకుండా, "నాయినకు నా సంగతి తెల్వదా?" అన్నాడు.

"ఆయనకు నీ జిమ్ము తెల్వదు, నీ షావుకారు తెల్వదు. పోయేనాటికి ఆయనకు తెలిసింది దూప ఒక్కటే. నా చెయ్యి పట్టుకోని ఏమడిగిండో నీకు చెప్పాల్నా? గింతెడు నీళ్లు ఆయనకు నేను ఇయ్యలే. మీ అక్క ఇయ్యలే. డాక్టర్లు వద్దన్నరు. నిన్నెవరు వద్దన్నరురా?"

వాడు తల వంచుకున్నాడు. మెడ మీద నరం ఒకటి తాడులా తేలి కనిపించింది. లేచి, మగ్గం ఉన్న గదిలోకి వెళ్లిపోయాడు. యాదమ్మ చెంబు మీద పళ్లెం మూత పెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూర్చుంది.

ప్రణీత ఇస్తరి ఎత్తింది. తండ్రి కళ్లద్దాలు తుడిచి, మళ్లీ భద్రం చేయడానికి అటక మీది రేకు డబ్బా దించింది. ఆయన మందులన్నీ యాదమ్మ ఆ బిస్కెట్ల డబ్బాలోనే దాచింది. పారేద్దామంటే ఒప్పుకోలేదు. గోళీలు పారేస్తే మనిషిని పారేసినట్టుంటది పిల్లా, అని ఒకసారి అంది. కళ్లద్దాలు లోపల పెడుతూ ప్రణీత చెయ్యి ఆగింది. పైన ఉన్న చిన్న గోళీల అట్ట ఖాళీగా ఉంది.

అవి ఒంటికి పోయే గోళీలు. ఒంట్లో చేరిన నీళ్లు బయటికి పోవడానికి ఇచ్చినవి. చివరికి హన్మంతుకు ఒంటికి పోవడమే నిలిచిపోయింది. ఇక వీటితో పనిలేదని డాక్టర్ ఆపించాడు. అందుకే ఒక అట్ట నిండుగా మిగిలింది. మిగిలిందని ఆమెకు బాగా గుర్తు. ఆ అట్ట మిగలడమంటే ఏమిటో ఆ రోజు ఇంట్లో ఆమెకు ఒక్కదానికే అర్థమైంది.

ఆమె దాన్ని పట్టుకుని మగ్గం గదిలోకి వెళ్లింది. అఖిలేష్ మగ్గం గుంట అంచున కూర్చుని కుడి పిక్కను రెండు చేతులా ఒత్తుకుంటున్నాడు. పక్కన గుడ్డసంచి. అందులో మడతపెట్టిన పంచె, కండువా. కారు మధ్యాహ్నం తర్వాత వస్తుంది. రాత్రికి వనపర్తిలోనే ఉండి, తెల్లవారే ఎండకు ఫోటోలు.

"గివి ఏమైనయిరా?"

వాడు చూశాడు. చూసి మళ్లీ పిక్క మీదికి వంగాడు.

"నిన్నే అడుగుతున్న."

"వేసుకున్న."

"ఎవరు చెప్పిన్రు? మీ రాఘవేంద్రన్ననా?"

"అన్న మీదికి పోకక్కా. అన్న నీళ్లు తగ్గించుమన్నడు, గంతే. గోళీల జోలికి పోతె జిమ్ములకు రానియ్య అన్నడు. పోటీలకు పోయేటోళ్లు వేసుకుంటరు. నేను విన్న. షాపుల అడిగితే డాక్టర్ చిట్టీ తెమ్మన్నరు. ఇంట్ల ఉన్నయి గదా అని..."

"ఇంట్ల ఉన్నయా? ఏమన్న బెల్లమారా, ఉన్నది గదా అని నోట్లేసుకునేతందుకు? సచ్చినోని గోళీలు."

"పారేసేటియే గదక్కా."

ప్రణీత గుంట అంచున వాడికి ఎదురుగా కూర్చుంది. వాడి పిక్క తనంతట తానే కదులుతోంది. చర్మం కింద ఎలుకపిల్ల దూరినట్టు ముడి లేస్తోంది, జారుతోంది, మళ్లీ లేస్తోంది. ఆమె వాడి కాలు తన ఒడిలోకి తీసుకుని బొటనవేలు పైకి వంచి పట్టింది. తండ్రికి డయాలసిస్ నుంచి వచ్చిన సాయంత్రాలు అట్లాగే పట్టేది.

"ఎప్పటి సంది గిట్ల?"

"పొద్దుగాల నుంచి. తగ్గుతది."

"లే. దవాఖానకు పోదాం."

"రేపు పోత. ఫోటోలు కానీ."

"రేపు రేపంటవు. నాయినది నెత్తురుల వచ్చే బీమారి, పిల్లలిద్దరు స్కానింగ్ తీపించుకోవాలె అని డాక్టర్ మన ముంగటనే చెప్పె. నేను తీపించుకుంటి. నాకేం లేదన్నరు. నువ్వు ఇయ్యాల్టి దాక పోలే. ఏముందో ఏం లేదో తెల్వకుండనే నీళ్లు బంద్ చేసి, పైకెల్లి గీ గోళీలు..."

"పోయిన."

ఆమె పట్టు సడలింది.

"స్కానింగ్‌కు పోయిన అక్కా. నాయిన ఏడాది మాసికం కాకముందే."

వీధిలో పూలమ్మే ఆమె ఎవరో తంగేడుపూలు అని అరుచుకుంటూ పోయింది. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. వాకిళ్లలో ఆడపిల్లల నవ్వులు.

"ఏమన్నరు?"

అఖిలేష్ మగ్గం మీది పడుగు వైపు చూస్తూ చెప్పాడు. "నాయినకు ఉన్నదే. కిడ్నీలల్ల నీటి బుగ్గలు. రెండు దిక్కుల ఉన్నయి. ఇప్పటికైతె ఏం గాదన్నరు. పదేండ్లు గావచ్చు, ఇరవయ్యేండ్లు గావచ్చు. నీళ్లు బాగ తాగుమన్నరు. తోచిన గోళీలు మింగొద్దన్నరు."

"తెలిసి చేసినవా?"

"తెలిసే చేసిన."

"ఎందుకురా?" ఆమె గొంతు గుసగుసలాగే వచ్చింది. అరవాలని ఉంది. అమ్మ పక్కగదిలో ఉంది. "గా షావుకారు పంచెలు అమ్ముడువోకుంటే మనకేంది? ఇంకొగణ్ని పెట్టుకుంటడు. ఎందుకు చేసినవ్?"

వాడు పక్కగదిలో పీట ఉన్న వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"గా ఫోటో ఎప్పటిదక్కా?"

ఆమెకు తెలుసు. దవాఖాన కార్డు కోసం తీసింది. మనిషి పోయాక చూస్తే, ఇంట్లో హన్మంతు ఒక్కడే ఉన్న ఫోటో అదొక్కటే దొరికింది. దాన్నే పెద్దది చేయించారు. కళ్లు రెండు గీతల్లా మిగిలాయి. చెంపలు ఉబ్బి, చర్మం మట్టిరంగు తిరిగింది.

"నాయిన ఎట్ల ఉంటుండె? నీకు యాదికి వస్తడా? నన్ను భుజం మీద ఎత్తుకోని జములమ్మ జాతరకు తోల్కపోయిండంటరు. ఎంత యాది చేసుకున్న గా భుజం వస్తలేదు. కండ్లు మూస్తే గా ఉబ్బిన ముఖమే వస్తది." వాడు ఆగి, మింగడానికి ఉమ్మి లేక, గొంతు పట్టుకున్నాడు. "నా వంతు గూడ వస్తది. వచ్చినంక నన్ను గట్లనే గోడకు కొడతరు. ఒక్కటక్కా. మంచిగున్నప్పటిది ఒక్కటి ఉండాలె. నువ్వు నేసిన పంచె కట్టుకోని. మల్ల ఏ షావుకారు అడుగుతడు, ఎవరు తీస్తరు గసుంటి ఫోటో? ఇంకోసారి కోచ్ కాళ్లు పట్టుకున్న ఈ ఒళ్లు గింత తయారైతదో లేదో."

ప్రణీత సంచిలోని పంచె వైపు చూసింది. అంచులో జరీ నేస్తున్నప్పుడు వాడి నడుముకు ఎట్లా ఉంటుందో తలుచుకుంటూ నేసింది. ఇంట్లో ఇన్నాళ్లకు ఒక మంచి జరగబోతోందని నమ్మింది.

"అమ్మకు చెప్పకు," అంది చివరికి. "నీకున్నదని తెలిస్తే అమ్మ బతకది."

ప్రణీత తల ఎత్తింది. వాడు ఆమె భుజం మీదుగా తలుపు వైపు చూస్తున్నాడు.

"నాకు తెల్సు బిడ్డా," అంది యాదమ్మ.

తలుపు పట్టుకుని నిలబడి ఉంది. కొంగు ఇంకా పిడికిట్లోనే ఉంది.

"నేనే తోల్కపోయిన స్కానింగ్‌కు. బయట బెంచీ మీద కూసున్న. లోపలికెల్లి వచ్చి వీడు నవ్విండు. నవ్వంగనే తెలిసింది."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే నువ్వేమంటవో నాకు తెల్వదా? మీ నాయినకు నీ కిడ్నీ ఇస్తనని కూసుంటివి. ఆడపిల్ల కడుపు కోపిచ్చి నేను బతకాల్నా అని ఆయన రెండు చేతులు జోడిచ్చి వద్దనె. ఆయన లోకం చూసినోడు. వద్దనగలిగిండు. వీడు పోరడు. బతకాలని ఉంటది. రేపు ఆ దినం వస్తే వీడు వద్దనడు. నువ్వు ఇయ్యకుంట ఉండవు. నడుమ నేను ఎవరి దిక్కు మాట్లాడాలె? ఉన్నది ఇద్దరు. ఒకరిని కోసి ఒకరికి కుట్టుమని ఏ నోటితోని అనాలె? అందుకని ఒట్టు వేయించుకున్న, అక్కకు చెప్పొద్దని."

అప్పుడు ఆమె చూపు ప్రణీత చేతిలోని ఖాళీ అట్ట మీద పడింది.

"గదేంది?"

యాదమ్మకు చదువు రాదు. కాని ఆ అట్ట రంగు తెలుసు. రోజూ పొద్దున్నే ఆ అట్ట చింపి గోళీని భర్త అరచేతిలో పెట్టిన మనిషి. దగ్గరికి వచ్చి, అట్టను తీసుకుని, వేలితో ఒక్కొక్క ఖాళీ గుంటనూ తడిమింది. కొడుకు పిక్క వైపు చూసింది. మళ్లీ అట్ట వైపు చూసింది.

"నేనే దాచిపెట్టిన," అంది. గోడకు వీపు ఆనించి అట్లాగే కిందికి జారి కూర్చుంది. "పారేస్తమంటె పారేయనియ్యలే. నేనే దాచిపెట్టిన."

వీధిలో కారు వచ్చి ఆగింది. హారన్ మోగింది. రాఘవేంద్ర గొంతు ఉల్లాసంగా వినిపించింది. "తమ్మీ, తయారేనా? షావుకారు పరేషాన్ చేస్తుండు. చీకటి పడకముందు వనపర్తి చేరాలంట!"

అఖిలేష్ లేచాడు. గోడ పట్టుకుని లేచాడు. సంచి భుజాన వేసుకుని, తల్లి పక్కన ఒక్క క్షణం వంగాడు. ఆమె తలెత్తలేదు.

"వాయిదా వేయించు," అంది ప్రణీత. "నేను అడుగుత అన్నను. జరమొచ్చిందని చెప్త."

"నీ కాళ్లు మొక్కుత అక్కా. కోచ్‌కు చెప్పకు. తెలిస్తే ఇప్పుడే దవాఖానకు తోల్కపోతడు. ఒక్క రాత్రే గద."

ఒక్క రాత్రి. ప్రణీతకు ఒక రాత్రిలో ఏమేం జరుగుతాయో తెలుసు. రాత్రి పడుకున్నప్పుడు బాగానే ఉన్న మనిషి తెల్లారేసరికి ఊపిరి కోసం కిటికీ ఊచలు పట్టుకోవడం ఆమె చూసింది. బయటికి పరుగెత్తి కోచ్‌కు చెప్పేయవచ్చు. చెబితే వీడు ఆగుతాడు. కాని ఇక ఎప్పటికీ తనకు ఏదీ చెప్పడు. చెప్పకపోతే వీడు పోతాడు.

ఆమె తమ్ముడికంటే ముందు నడిచి వీధి తలుపు చేరింది. బయటికి దిగలేదు. వెనక్కి తిరిగి, పసుపు రాసిన గడప మీద కూర్చుంది. అమావాస్య నాడు గడప మీద కూర్చోవడం ఆ వీధిలో ఎవరూ చేయరు. ఎదురింటి ఆడవాళ్లు పూలు పేర్చడం ఆపి చూశారు. కారులోంచి దిగబోయిన రాఘవేంద్ర ఒక కాలు నేల మీద పెట్టి ఆగిపోయాడు.

ప్రణీత అటు చూడలేదు. రెండు చేతులూ రెండు వైపులా తలుపు చెక్కలకు ఆనించింది.

"పోతే పో," అంది తమ్ముడితో. "నన్ను దాటి పో."

పెద్దదాన్ని దాటడం ఎంత తప్పో ఆ ఇంట్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు వీడు ఆటలో పడి, నిద్రపోతున్న అక్కను దాటితే, హన్మంతు మగ్గం ఆపి లేచి వచ్చి, రెక్క పట్టుకుని మళ్లీ వెనక్కి దాటించేవాడు.

"లే అక్కా. అందరు చూస్తున్నరు."

ఆమె లేవలేదు. హారన్ మళ్లీ మోగలేదు. లోపలి నుంచి యాదమ్మ ఏడుపు వినిపిస్తుందేమోనని వాడు ఒకసారి వెనక్కి చూశాడు. లోపల చప్పుడు లేదు.

అఖిలేష్ సంచిని ఎడమ భుజానికి మార్చుకున్నాడు. అక్క తల పక్కనుంచి చెయ్యి చాచి ద్వారబంధం పట్టుకున్నాడు. ప్రణీత చూడదలచుకోక తల వంచి కళ్లు మూసుకుంది.

వాడు కుడి కాలు ఎత్తాడు.